మక్క మొలకలో దొరికిన హార్మోను

ప్రపంచమంతా తన ప్రయోగం కోసమే ఎదురుచూస్తోందని నమ్మే వయసు ఒకటుంటుంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, హైదరాబాదులో పరిశోధన చేస్తున్న నాకు ఆ నమ్మకం కాస్త ఎక్కువే ఉండేది. (నా సెన్సరు మాత్రం అప్పటికి ఒక్కసారీ పనిచేయలేదు.) మొక్కలను పెంచే ఆక్సిన్ అనే హార్మోను అణువుల చుట్టూ పాలిమరు పూత అల్లి, తర్వాత ఆ అణువులను కడిగేస్తే వాటి ఆకారంలో గుంతలు మిగులుతాయి. మొక్క రసంలో అదే హార్మోను ఉంటే వచ్చి ఆ గుంతల్లో కూర్చుంటుంది, కరెంటు పెరుగుతుంది, ల్యాప్‌టాప్ తెర మీద గీత కొండలా లేస్తుంది. లేవాలి. ఈసారీ లేవకపోతే అంశం మార్చుకోమని మా గైడు చెప్పేశారు. అందుకే తొలకరి పడగానే సెన్సరు, ల్యాప్‌టాప్ పెట్టెలో సర్దుకుని, తాజా మొలకల కోసం పసుపు పంటకు పేరుపడ్డ ఆర్మూరులో మా మేనత్త ఇంటికి బస్సెక్కాను.

అత్త నా వివరణంతా శ్రద్ధగా విని, "అంటే తాళం చేసుకొని తాళంచెవి కోసం తిరుగుతున్నవన్నట్టు," అంది. అంతవరకు బాగానే ఉంది. కానీ హార్మోను పరీక్ష అన్న మాట ఆమె నోట వాడకట్టు దాటేసరికి దవాఖాన పరీక్ష అయిపోయింది. మధ్యాహ్నానికి వాకిలి నిండా ఆడవాళ్లు. ఇది మొక్కలకేనని ఎంత మొత్తుకున్నా ఎవరూ లేవలేదు. పక్కింటి పెద్దమ్మయితే ఎందుకైనా మంచిదని వేలు చాపింది.

వాళ్ల ఎదుటే పసుపు మొలక దంచి, రసం తీసి చూశాను. గీత లేచింది! గంతేసి గైడుకు ఫోను చేశాను. గుంతలు లేని ఉత్త పూతతో కూడా చూశావా అని ఆయన నిదానంగా అడిగారు. చూశాను. అదీ అంతే లేచింది. అది హార్మోను పని కాదు, పసుపులోని రంగు పదార్థమే రెండు పూతల మీదా కరెంటు ఇస్తోంది. (పసుపు ఊరికి వచ్చి పసుపునే మరిచిన పరిశోధకురాలిని బహుశా నేనొక్కదాన్నే.)

ముఖం వేలాడేసుకుని కూర్చున్న నాకు పెరట్లో అప్పుడే మొలిచిన మక్కలు (మొక్కజొన్నలే) కనబడ్డాయి. వాటిలో ఆ రంగు ఉండదు. చాయ్ గ్లాసు పక్కన పెట్టి మొలకల కొసలు తెంచుకొచ్చాను. ఉత్త పూత మీద గీత కదల్లేదు. గుంతల పూత మీద మెల్లగా మొదలై నిటారుగా లేచింది. మళ్లీ చేశాను. మళ్లీ అంతే.

కళ్లు తుడుచుకుంటూ తెరనే చూస్తున్నాను. అత్త కంగారుగా దగ్గరికొచ్చి, "ఏమైంది బిడ్డా? గిట్ల ఏడుస్తున్నవేంది?" అంది.

"వచ్చింది అత్తా."

ఏమొచ్చిందో ఎవరికీ తెలియదు గానీ వాకిలంతా సంబరపడింది. పెద్దమ్మ మాత్రం అదను చూసి, "గిప్పుడన్న జర మా కోడలిది చూడరాదూ?" అంది.

తిరుగు బస్సులో పక్క సీటాయనకు కామారెడ్డి దాకా ఆక్సిన్ గురించి చెబుతూనే ఉన్నాను. ఆయన అక్కడ దిగి వెనకాల వచ్చే బస్సెక్కినట్టు నాకిప్పటికీ అనుమానం. ఇప్పుడు నా ల్యాబులో గీతలు రోజూ లేస్తాయి, నేను తలూపి తర్వాతి నమూనా పెట్టమంటాను. బస్సంతా వినబడేలా మాట్లాడిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. కొంచెం అసూయ కూడా.