గునుగుకూరను ఎండబెట్టినందుకు

జమ్మికుంట దగ్గర మా పత్తి చేనంతా తిరిగి గునుగుకూర కోసుకొచ్చి, వసారాలో నీడపట్టున పాతచీర మీద ఆరబోశాను. ఎండాక పొడి చేసి కరీంనగర్‌లో మా కాలేజీ ల్యాబుకు తీసుకెళ్లాలి. అడవి ఆకుకూరల్లో యాంటీఆక్సిడెంట్లు ఏపాటి ఉన్నాయో చూడడమే నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు. ఎవరూ విత్తకుండా మొలిచే ఆకు సత్తా ఏమిటో తేల్చాలని నాకు మహా ఉబలాటం.

స్నానం చేసి వచ్చేసరికి చీర ఖాళీ. బెల్లంపల్లి నుంచి వచ్చిన మేనత్త పొయ్యి దగ్గర కూర్చుని నవ్వుతోంది. మా ఇళ్లలో బట్ట మీద ఆకు కనిపిస్తే చాలు, వచ్చినవాళ్లెవరైనా చతికిలబడి గిల్లడం మొదలుపెడతారు. ఎవరిదని అడగరు, ఎందుకని అసలే అడగరు. పాపం, వాడిపోతోందని పెసరపప్పులో వేసేసింది. నా ప్రాజెక్టంతా గిన్నెలో కుతకుతలాడుతోంది! ఎల్లిగడ్డ పోపు వాసనకు నోరూరింది, దాంతో కోపం ఇంకా పెరిగింది. ఆ కూర ముట్టనని అలిగి కూర్చున్నాను.

అసలు భయం వేరే. మా చేలో ఉన్నదంతా కోసేశాను. ఇక మిగిలింది పక్క చేను. తెల్లారితే అక్కడ కలుపుమందు కొడుతున్నారు. మందు పడ్డ ఆకు పనికిరాదు, ఆ ఏటికి నా ప్రాజెక్టు గంగలో కలిసినట్టే. అదంతా చెప్పి ఏడ్చేశాను. అత్త నవ్వు ఆగిపోయింది.

పొద్దున్నే మేం వెళ్లేసరికి ఆ చేను గలాయన మందు డబ్బా వీపుకు తగిలించుకుంటున్నాడు. అత్త నేరుగా పోయి సాలుకు అడ్డంగా కూర్చుంది.

"జర ఆగు తమ్మీ. మా బిడ్డ సదువు గీ చేన్ల ఉన్నది."

ఆయన నవ్వి డబ్బా దించాడు. మా అవ్వ, వాడకట్టు ఆడవాళ్లు వచ్చి ఒడి నిండా ఆకు కోశారు. ఆకు ఎండేదాకా అత్త బెల్లంపల్లి పోలేదు. కర్ర పట్టుకుని వసారాలో కూర్చుని కోళ్లను అదిలించింది, వచ్చిన చుట్టాలను అంతకన్నా గట్టిగా అదిలించింది.

నాతో ల్యాబుకూ వచ్చింది. సీసాలో ఊదారంగు మందు పోసి, ఆకులో సత్తా ఉంటే ఈ రంగు వెలిసిపోతుందని ఆమెకు చెప్పి, ఆకు సారం చుక్కలు వేశాను. కాసేపటికి ఊదా పలచబడి లేత పసుపుకు తిరిగింది. నా సంతోషం పట్టతరం కాలేదు. అత్తను గట్టిగా వాటేసుకున్నాను.

బయటికొచ్చాక ఆమె సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసింది. జొన్నరొట్టె, గునుగుకూర పప్పు. మందు పడని గట్టు మీద ఏరి, నాకు తెలియకుండా పొద్దున్నే వండిందట.

"సీసకు తాగిపిచ్చినవ్ మంచిగనే. నువ్వెప్పుడు తింటవ్ బిడ్డా?"

అలిగిన రోజు నుంచీ ఆ కూర నేను ముట్టలేదని నేనే మరచిపోయాను, ఆమె మరవలేదు. రొట్టె తుంచి పప్పులో అద్ది నా నోట్లో పెట్టింది. డబ్బా అడుగుదాకా తుడిచి తిన్నాను.