మేడం గారు తీయించిన గేటు

మా జాగ్రఫీ మేడం గారు పోయారు. మొన్నామధ్య ఓ పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో అలా వెనక్కి వాలారట. ఎవరిచేతా సేవ చేయించుకోలేదు. ఆవిడ పద్ధతే అంత.

గుంటూరు పక్కన హైవే మీద, యూనివర్సిటీ ఉన్న చిన్న ఊరు మాది. ఇప్పుడు ఇక్కడ జిరాక్స్ షాపు నడుపుతున్నాను గానీ, మొదట వచ్చింది చదువుకోడానికి. ఆవిడ మేడ మీద గది అద్దెకు అడిగితే అడ్వాన్స్ మాటే ఎత్తలేదు. "తూర్పు ఎటు?" అన్నారు. నేను ధీమాగా హైవే వైపు చూపించాను. "అది పడమర నాయనా! రేపు పొద్దున్నే రా, ఊరు చూపిస్తాను" అన్నారు.

ఊరు చూపించడమంటే లేనివన్నీ చూపించడం. "ఇదిగో పత్తి చేను" అంటే అక్కడ లేడీస్ హాస్టల్. "ఇది పొగాకు కాల్చే బ్యారన్" అంటే ఏటీఎం. ఎండలో నడిచి నడిచి నా చెప్పు తెగింది. ఆవిడ మాత్రం గొడుగుతో ఏటీఎం గోడను పొడుస్తూ, కింద నల్లరేగడి ఎంత లోతుందో చెబుతున్నారు.

చివరికి ఊరి వెనక కాంపౌండ్ గోడ దగ్గర ఆగారు. అందులో తాళం వేసిన ఇనప గేటు. పూర్వం ఊళ్లోంచి పొలాలకీ, శ్మశానానికీ వెళ్లే బండ్ల డొంక అది. యూనివర్సిటీ వాళ్లు గోడ కట్టి, గేటు పెట్టి, తాళం వేసేశారు. రైతు పొలానికి వెళ్లాలన్నా, గోడ అవతల హాస్టల్ పిల్లలు ఊళ్లోకొచ్చి ఇడ్లీ తినాలన్నా లారీల మధ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని హైవే చుట్టి రావాలి.

"జాగ్రఫీ అంటే మ్యాపులు కాదురా, ఎటు నుంచి ఎటు నడవొచ్చో తెలియడం" అనేవారు. వచ్చిన ప్రతి వీసీనీ కలిసి ఆ గేటు తీయమని అడిగారు. ప్రతి వీసీ శాలువా కప్పి పంపాడు. "గేటు తప్ప అన్నీ ఇస్తారు వెధవలు!" అని చలికాలంలో ఆ శాలువాలు మాకు పంచేవారు.

ఆవిడ్ని సాగనంపే రోజు అందరం తలలు వంచుకుని నడుస్తున్నాం. పాడె ముందు పట్టిన ఇద్దరూ పాతకాలం రైతులు. కాళ్లకు అలవాటైన డొంకే పట్టుకుపోయారు. తీరా చూస్తే ఎదురుగా గేటు, తాళం.

గార్డు పరిగెత్తుకొచ్చాడు. "ఇటు దారి లేదండీ, హైవే మీదుగా వెళ్లండి."

"ఎత్తిన పాడె వెనక్కి తిప్పుతారట్రా ఎక్కడైనా?" మేడం గారి తమ్ముడు కేకేశారు.

"తాళం చెవి పై ఆఫీసర్ దగ్గరుందండీ. ఆయన మీటింగ్‌లో ఉన్నారు."

"అయితే నువ్వే వచ్చి తిప్పు. ఊరికి అరిష్టమొస్తే నీ పేరే చెబుతాం."

గార్డు పాడె వంక చూశాడు, మా వంక చూశాడు. అతనిదీ పక్క ఊరే. "నేను చూడలేదండీ" అని అటు తిరిగి నిలబడ్డాడు. ఎవరో గడ్డపార తెచ్చారు. తాళం ఊడలేదు గానీ, తుప్పు పట్టిన గేటు బందులతో సహా ఊడొచ్చి పడింది. వెనకెవరో చప్పట్లు కొట్టబోయి నాలిక్కరుచుకున్నారు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటే ఏడుపు తన్నుకొచ్చింది. అన్నేళ్లు తిరిగి సాధించలేని పని, పాపం, పడుకుని సాధించారు మా మేడం గారు.

మర్నాడు గేటు బిగించడానికి మనిషొస్తే, పెదకర్మ అయ్యేదాకా ముట్టుకోవద్దని ఊరంతా అడ్డం పడింది. ఈలోగా పడి ఉన్న గేటు మీద పట్టా పరిచి ఎవరో మిరపకాయలు ఎండబోశారు. పొద్దున్నే హాస్టల్ పిల్లలు ముక్కులు మూసుకుని, తుమ్ముకుంటూ, ఆ డొంక వెంట ఊళ్లోకి నడిచొస్తున్నారు.