మేడ మీద ఇనుప కుర్చీ

మేడల మీదా, మేడ తలుపుల మీదా, ఆ తలుపులకు వేసే తాళాల మీదా సర్వాధికారాలు గల పెద్దల సమక్షానికి, మద్దిలపాలెంలోని ఒక మూడంతస్తుల భవనం తరఫున ఒక మేనల్లుడు సవినయంగా తెలియజేయునది: గాలిపటాల విషయంలో మా వీధికి ఇంతకాలం చట్టంగా ఉన్న మా అత్తయ్య గత నెల కన్నుమూశారు. మధ్యాహ్నం భోజనం చేసి, దండెం మీద చీర ఆరిందో లేదో చూసిరమ్మని మావయ్యను మేడ మీదికి పంపి, ఆయన దిగి వచ్చేలోగా వెళ్ళిపోయారు. చీర ఆరింది. ఆ సమాచారం ఆమెకు అందలేదు.

ఆమె ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయురాలు. తొంభైల మొదట్లో నేను విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ వారింట్లోనే ఉండేవాణ్ణి. అప్పటికి ఆ ఇల్లు ఒకటే అంతస్తు. పైన మేడ ఉంది, మేడకు పిట్టగోడ లేదు. ఎప్పటికైనా కట్టబోయే పై అంతస్తు కోసం మూలమూలలా వదిలిన ఇనుప చువ్వలు ఆకాశం వైపు చూస్తూ ఉండేవి. హార్బరులో గుమస్తాగా పనిచేసే మావయ్య కూడా ఇంటికి వచ్చింది మొదలు అటే చూసేవారు. ఒక సాయంత్రం గాలిపటాన్ని మరికాస్త పైకి పంపాలన్న సదుద్దేశంతో వెనక్కి నడుస్తూ నడుస్తూ, మేడ అయిపోయిన తరవాత కూడా ఒక అడుగు వేశారు. పక్కింటి ఇసుక కుప్ప మీద పడటం వల్ల ప్రాణం దక్కింది. కుడి మోకాలు మాత్రం ఆనాటి నుంచి పూర్తిగా వంగడానికి సమ్మతించలేదు.

ఆసుపత్రికి వచ్చిన వీధివారు ఆయన ధైర్యాన్ని కొనియాడారు.

"పడిపోతా కూడా దారం ఒగ్గలేదక్కా, బావ."

"అవును, దారం ఒగ్గలేదు," అన్నారు అత్తయ్య. "బుర్రే ఒగ్గీసినాడు."

ఇంట్లో ఉన్న గాలిపటాలన్నీ పొయ్యిలోకి పోతాయని మేమంతా నిశ్చయించుకున్నాం. మావయ్య కూడా నిశ్చయించుకున్నారు. అడగలేదు, వాదించలేదు, గోడ వైపు తిరిగి పడుకునేవారు. ఆయనకు ఆఫీసూ ఇల్లూ కాక మరో లోకమంటూ ఉంటే అది ఆ మేడే. దాన్ని తీసేస్తే మనిషి ఎంత మిగులుతాడన్నది అందరం లోపల అనుకున్నదే గాని, పైకి అన్నవారు లేరు.

ఆయన మెట్లెక్కగలిగిన రోజున అత్తయ్య తమ ఇనుప కుర్చీని తామే మోసుకెళ్ళి, మేడకు నట్టనడుమ వేశారు.

"ఏటిది?" అన్నారు మావయ్య.

"కుర్సీ."

"కనబడతంది. ఎందుకని?"

"కూకోడానికి. ఇకమీదట ఈ మేడ మీద గాలిపటం ఎగరేసినోడు కూకునే ఎగరెయ్యాల. కూకున్నోడు ఎనక్కి నడవడు."

"కుర్సీలో కూకుని గాలిపటం ఏటే? జనం నవ్వుతారు."

"నవ్వనీ. మొన్న ఏడిసినారు. దానికన్నా నవ్వే నయం."

కుర్చీ సముద్రానికి వీపు పెట్టి ఉండటం చూసి నేను అభ్యంతరం తెలిపాను. ఈ ఊళ్ళో పెరిగినవారికి ప్రతి పనికీ సముద్రం వైపు తిరగడం అలవాటు. గాలిపటానికీ మేం అటే తిరిగేవాళ్ళం. మధ్యాహ్నం గాలి సముద్రం మీది నుంచి వస్తుంది కనుక ఆ గాలిపటం తిన్నగా వచ్చి మా ముఖాలకే అతుక్కునేది. దాన్ని మేం దురదృష్టమనేవాళ్ళం.

"సముద్రానికి ఈపు పెట్టు, అల్లుడా. అదేటీ అనుకోదు," అన్నారు అత్తయ్య.

తరవాత దండెం వైపు చూశారు. గాలిని కొలవడానికి ఆమె వాడిన సాధనం అదే. ఆరేసిన జాకెట్టు కదలకపోతే గాలి చాలదు. చీర నిండుగా ఉబ్బితే సరిపోతుంది. చీర తీగకు మెలిపడి చుట్టుకుపోతే ఆ రోజు గాలిపటాలకు సెలవు. ఆ రోజు చీర ఉబ్బింది. గాలిపటాన్ని నా చేతికిచ్చి, గాలి పోయే వైపు, దారం సాగినంత దూరం పంపారు. దానికి తోకగా పాత చీర పేలిక కట్టి ఉంది. తోక లేని గాలిపటం తాగినోడిలా తూలుతుందని ఆమె అభిప్రాయం. మావయ్య కుర్చీలో కాలు చాపుకుని, దారం చుట్టిన పాలడబ్బా ఒళ్ళో పెట్టుకుని, శిక్ష అనుభవిస్తున్నవాడిలా కూర్చున్నారు.

"పరిగెట్టకుండా లేస్తాదేటి?"

"లేపేది నీ కాళ్ళేటి? గాలి." ఆమె నా వైపు తిరిగి, "ఒగ్గు," అన్నారు.

వదిలాను. అది నా చేతుల్లోంచి నిటారుగా లేచింది. లాగుతుంటే దారం వదలడం, వదులైతే లాక్కోవడం తప్ప మావయ్య చేయవలసింది మరేమీ లేకపోయింది. ఎవరినీ ఉద్దేశించకుండా, "బాగానే ఉందే," అన్నారు.

వీధి కొన్నాళ్ళు నవ్వింది. ఆపైన ఆ కుర్చీ కోసం వరసలో నిలబడింది. వరసలో ఉన్నవారికి అత్తయ్య శాసనాలు వర్తించేవి. గాజుపొడి పూసిన మాంజా మెట్ల దగ్గరే ఆగిపోవాలి, ఎందుకంటే "కింద స్కూటరు మీద పోయేవోడికీ పీక ఉంటాది." ఉరిమితే అందరూ దిగిపోవాలి. కరెంటు తీగల మీద పడిన గాలిపటాన్ని కర్రతో తీయబోయిన ఒకతన్ని ఆమె చొక్కా పట్టుకుని ఆపారు. "తీగ మీద వాలింది నీది కాదు, కరెంటోళ్ళది. గాలిపటం చిరిగితే ఇంకోటి అతికిద్దుం. నువ్వు చిరిగితే దేంతో అతకాల?" తెగిపోయినవన్నీ సింహాచలం కొండ దిక్కుగా పోయేవి. వాటిని అప్పన్నకు మొక్కు కింద జమ కట్టేవారు. వెంట పరుగెత్తడం నిషిద్ధం.

రెండువేల సంవత్సరం తరవాత ఆ చువ్వల మీద నిజంగానే అంతస్తులు లేచాయి. ఇతర కుటుంబాలు వచ్చాయి, వారితోపాటు ఒక సంఘం వచ్చింది, ఛాతీ ఎత్తు పిట్టగోడ వచ్చింది. ఇక కుర్చీ ఎందుకని కొత్తవారు అడిగారు. "గోడుందని ధైర్యం ఎక్కువైపోద్ది. కూకో," అన్నారు అత్తయ్య. వారూ కూర్చున్నారు.

ఆమె పోయిన కొద్ది రోజులకే భద్రతా కారణాల దృష్ట్యా మేడ తలుపుకు తాళం పడింది. అడగడానికి వెళితే సంఘం కార్యదర్శి దాచుకోకుండా చెప్పారు.

"మేడం ఉన్నంతకాలం మాకు బెంగ లేదండి. ఇప్పుడు ఎవరు సూస్తారు? ఎవరైనా పడితే?"

భయం న్యాయమైనదే. ఆయన్ని వెంటబెట్టుకుని మెట్లెక్కాను. తాళం వేసిన తలుపు ముందు, మెట్ల మలుపులో, ఇనుప కుర్చీ వేసుకుని మావయ్య కూర్చుని ఉన్నారు. కాలు చాపి ఉంది. ఒళ్ళో పాలడబ్బా ఉంది. గోడకు ఆనించిన గాలిపటానికి, అత్తయ్య పోయిన రోజు దండెం మీద ఆరిన చీర అంచు తోకగా కట్టి ఉంది.

"గాలొచ్చిందేటి, అల్లుడా? నాకిక్కడ తెలట్లేదు."

కార్యదర్శి జేబులోంచి తాళంచెవి తీశారు. తరవాత, "దారం మామూలుదే కదండీ?" అని అడిగారు. ఆ ప్రశ్నలోని సానుకూల ధోరణిని పురస్కరించుకుని, కింది డిమాండ్లు లాంఛనంగా సమర్పించడమైనది.

1. దండెం మీద చీర ఉబ్బడం మొదలుకాగానే మేడ తలుపు తెరవబడవలెను.

2. ఇనుప కుర్చీ, సముద్రానికి వీపు పెట్టి, యథాస్థానంలో వేయబడవలెను. మావయ్యతో సహా ఎవరికీ మినహాయింపు లేదు.

3. గాలిపటాన్ని దూరంగా పట్టుకుని నిలబడే బాధ్యత నాది. "ఒగ్గు" అని చెప్పవలసిన పదవి ప్రస్తుతం ఖాళీగా ఉన్నందున, ఆ మాట చెప్పడానికీ, చెప్పాక అక్కడే నిలబడి చూడటానికీ సంఘం తమ ప్రతినిధిని వెంటనే పంపవలెను. మావయ్య మేడ నడుమ కుర్చీలో దారం బిగబట్టి ఉన్నారు. గాలిపటం నా చేతుల్లో అప్పుడే కొట్టుకుంటోంది.