చెమ్మ పట్టిన లాటు

నాకు ఆ పిల్లంటే కుళ్ళు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. తన బాక్సులో గోంగూర పచ్చడి ఉందని చెప్పినా నాకు ఒళ్ళు మండేది. నా బాక్సులోనూ గోంగూర పచ్చడే ఉండేది.

ఇద్దరిదీ ఒకే వీధి, ఒకే చర్చి. గుంటూరు బైపాసు మీద కోల్డు స్టోరేజీల వరసలో ఒక మిర్చి ఎగుమతి కంపెనీ ఉంది. అందులో శాంపిల్ గదిలో మా పని. నేను చేరిన నాలుగేళ్ళకు ఆ పిల్ల చేరింది. మేనేజరుతో మాట్లాడి చేర్పించింది నేనే, పని నేర్పిందీ నేనే. నన్ను అక్కా అని పిలిచేది. అప్పటికి నాకే పాపం తెలియదు, చక్కగా నేర్పాను.

పని ఏమిటంటే, లారీలో వచ్చిన ప్రతి లాటులోనూ కొన్ని బస్తాల మూతి విప్పి కాయ బాగుందో లేదో చెప్పాలి. బస్తాలకెత్తే ముందు కాయ విరగకుండా రైతులు కాసిని నీళ్ళు చల్లుతారు. కాసినే అయితే ఆరిపోతుంది. తూకం కోసం ఎక్కువ చల్లిన కాయకు మాత్రం రెండు నెలలు తిరక్కుండా బూజు పడుతుంది. అలాంటి చెమ్మ కాయను నడుమ పోసి, పైన గలగలలాడే పొడి కాయ కప్పుతారు. అందుకని చేతికి కొబ్బరి నూనె రాసుకుని మోచేతి దాకా బస్తా కడుపులోకి దూర్చాలి. చెమ్మ కొలిచే మిషన్ ఉంది గానీ, సీజన్లో రోజుకు అన్ని లారీలు దిగుతుంటే దానికోసం ఎవరు ఆగుతారు?

నాకు నాలుగేళ్ళలో రాని పనితనం ఆ పిల్లకు ఒక్క సీజనులో వచ్చేసింది. చెయ్యి దూర్చి, కళ్ళు ఒక్కసారి మూసుకుని, "అక్కా, ఇందులో తేడా ఉంది" అనేది. గుమ్మరించి చూస్తే ఉండేది. నేను మూడుసార్లు దూర్చి కూడా అవునా కాదా అని నసిగేదాన్ని. హమాలీలు కూడా "చిన్నమ్మాయిని పిలవండి, అది చెబితే తిరుగులేదు" అనేవాళ్ళు. నేను నవ్వేదాన్ని. ఇంటికెళ్ళి గిన్నెలు గట్టిగా తోమేదాన్ని.

ఒక సీజను మొదట్లో, కొనుగోలు చూసే పెద్దాయన పని మానేశాడు. కొనుగోలు ఉద్యోగమంటే కల్లాల మీదికి వెళ్ళి, ఎండబోసిన కాయ చూసి, రైతుతో మాట్లాడి, బేరం కుదర్చడం. కంపెనీ బండి ఉంటుంది, మాటకు విలువ ఉంటుంది. ఆ ఉద్యోగం మీద నాకు చేరిన రోజు నుంచీ ఆశ. కానీ అడగలేదు. మన మంచినీళ్ళ డ్రమ్మే వెనకాల విడిగా పెట్టిన చోట, మనం ఏం అడుగుతాం అనుకున్నాను. అడగొచ్చన్న ఆలోచన ఆ పిల్లకు వచ్చింది.

"అక్కా, నేను వెళ్ళి మేనేజరు గారిని అడుగుతున్నా," అంది ఒక పొద్దున, చేతి నూనె తుడుచుకుంటూ.

"అడుగు, పోయేదేముంది," అన్నాను.

మేనేజరు గదికి అద్దాల తలుపు. ఆ పిల్ల లోపల నిలబడి ఉండటం శాంపిల్ గది నుంచి నాకు స్పష్టంగా కనిపిస్తోంది. అప్పుడే ఒక లారీ దిగింది. నేనే బస్తాలు విప్పాను. నా చెయ్యి బస్తాలో ఉందిగానీ కళ్ళు ఆ తలుపు మీదే ఉన్నాయి. ఆయన కుర్చీ చూపిస్తాడా? నవ్వుతున్నాడా? ఇచ్చేస్తున్నాడా? పైపైన గలగలమంటే చాలనుకున్నాను. బాగుందని చెప్పి, శాంపిల్ సంచీ నింపి, మూతి కట్టేశాను.

సంచీ సంగతి ఇక్కడ చెప్పాలి. ప్రతి లాటు నుంచీ గుప్పెడు కాయ చిన్న గుడ్డ సంచీలో పోసి, నంబరు చీటీ వేసి, పురికొసతో కట్టి అరలో పెడతాం. సంచీ మీద మా పేర్లు ఉండవు. రిజిస్టరులో పేరు రాసేది సూపర్‌వైజరు, అదీ సాయంత్రం కుర్చీలో కూర్చుని గుర్తున్నట్టు. కానీ ముడి ఎవరిది వారిదే. నలుగురు ఆడవాళ్ళం, నాలుగు రకాల ముళ్ళు. మాలో ఎవరం చూసినా ఇది ఫలానావిడ కట్టింది అని చెప్పేస్తాం. మగవాళ్ళు దాన్ని ఎప్పుడూ గమనించలేదు.

ఆ పిల్ల బయటికొచ్చింది. మొహం గడ్డకట్టుకుపోయింది.

"ఏమన్నాడే?"

"రైతుల ఇళ్ళకెళ్ళాలంట, వాళ్ళ అరుగుల మీద కూర్చోవాలంట. మీవాళ్ళయితే వాళ్ళు ఇబ్బంది పడతారమ్మా అన్నాడు. నిలబెట్టే అన్నాడక్కా."

నాకు కోపం వచ్చింది, నిజంగానే వచ్చింది. ఆ మాట నాకూ తగిలింది. కానీ కోపం కింద చల్లగా ఇంకేదో ఉంది, ఇవ్వలేదులే అని. ఆ పిల్ల కళ్ళు తుడుచుకోవడానికి లేదు, చేతికి ఘాటు ఉంటుంది. కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకునే సాయంత్రం దాకా బస్తాలు చూసింది.

ఉద్యోగం మేనేజరు బావమరిదికి ఇచ్చారు. అతను మొదటి రోజు కాయ విరిచి వాసన చూసి పదిసార్లు తుమ్మాడు. ఆ వారంలోనే ఆ పిల్ల కాగితం మీద అంతా రాసింది. మేనేజరు అన్న మాట, మంచినీళ్ళ డ్రమ్ము, మా గదిలో ఆడవాళ్ళెవరికీ ఎప్పుడూ పైకి ఎదుగుదల లేకపోవడం. రాసి లేబర్ ఆఫీసులో ఇచ్చి వచ్చింది. ఆ కాగితం నాకు చూపించింది. అక్షరం కూడా నాకంటే బాగుంది.

తర్వాత జరిగింది ఎవరైనా ఊహించగలరు. ఆ పిల్లను శాంపిల్ గది నుంచి తీసి తొడిమలు తీసే షెడ్డులో వేశారు. రేకుల షెడ్డు, నేల మీద కూర్చుని రోజంతా కాయ తొడిమ తుంచడం, దగ్గుతూనే ఉండటం. నన్ను పిలిచి సీనియర్ అన్నారు. ఫ్యాను కింద కుర్చీ ఇచ్చారు. కూర్చున్నాను. రెండు రోజులు బాగానే ఉంది. మూడోరోజు షెడ్డు వైపు వెళితే అక్కడి ఆడవాళ్ళంతా ఆ పిల్ల చుట్టూ కూర్చుని నవ్వుతున్నారు. నా కుర్చీ చుట్టూ ఎవరూ లేరు.

రెండు నెలలకు స్టోరేజీలో ఒక లాటు బూజు పట్టి దొరికింది. నంబరు వినగానే గుర్తుపట్టాను, అద్దాల తలుపు వైపు చూస్తూ నేను బాగుందన్న లాటే. రిజిస్టరులో ఆ పిల్ల పేరు ఉంది. సూపర్‌వైజరు ఆ రోజు అలా రాశాడో, తర్వాత రాశాడో నాకు తెలియదు. మేనేజరు శాంపిల్ సంచీ తెమ్మన్నాడు. అరలోంచి తీశాను. నా ముడే. దాన్ని అక్కడే విప్పి, మూతి తెరిచిన సంచీ తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను. చూడటానికి వీలుగా తెరిచి తెచ్చానండీ అన్నాను.

ఆ సాయంత్రమే ఆ పిల్లను పనిలోంచి తీసేశారు.

ఇక్కడితో నా కుళ్ళు తీరాలి కదా. తీరలేదు, పెరిగింది. ఆదివారం చర్చిలో పాస్టరు గారు ఆ పిల్ల పేరు పెట్టి ప్రార్థన చేశారు. పదకొండేళ్ళు నేను మిరప ఘాటులో దగ్గితే నా పేరు ఒక్కసారి చెప్పలేదు. వీధిలో వాళ్ళు వంతులేసుకుని కూరలు పంపారు. టీచరమ్మ ఒకావిడ తన స్కూటీ మీద ఎక్కించుకుని ఆఫీసుల చుట్టూ తిప్పింది. కాలేజీ పిల్లలు వచ్చి మాట్లాడించి వెళ్ళారు. నన్ను కూడా తీసేసి ఉంటే బాగుండేది అనిపించింది. సిగ్గు లేకుండా అలాగే అనిపించింది. ఫ్యాను కింద కూర్చుని, ఉద్యోగం పోయినదాన్ని చూసి కుళ్ళుకున్నాను.

ఏడాది తిరిగాక లేబర్ ఆఫీసులో విచారణకు కంపెనీ తరఫు సాక్షిగా నన్ను తీసుకెళ్ళారు. కారులో మేనేజరు వెనక్కి తిరిగి, "ఏమ్మా, ఆ లాటు తనే చూసిందని చెబితే చాలు, ఇంకేం అక్కర్లేదు," అన్నాడు. ఫిర్యాదు చేసినందుకు తీయలేదు, తప్పు చేసినందుకు తీశాం అని రుజువు చేయాలి వాళ్ళు. అంతా ఆ లాటు మీదే నిలబడి ఉంది.

మొదటి రోజు నా వంతు రాలేదు. ఆఫీసరు గారు, నడివయసు ఆవిడ, ఆ పిల్లనే అడిగారు. "ఈ లాటు నువ్వే చూశావా?"

ఆ పిల్ల నా వైపు చూసింది. "చూసే ఉంటానండి. ఎవరి మీదా నెట్టను," అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దీనికి తెలుసు. ఆ లారీ దిగినప్పుడు తాను మేనేజరు గదిలో ఉందని తెలుసు, బస్తాలు నేను విప్పానని తెలుసు. తెలిసీ నన్ను కాపాడుతోంది. తొమ్మిది మంది ముందు, అక్కా అని పిలిచినందుకు, నా తప్పు నెత్తిన వేసుకుంటోంది. పనితనం దానిదే, ధైర్యం దానిదే, ప్రార్థనలు దానివే, ఇప్పుడు మంచితనం కూడా దానిదే. ఇక నాకేం మిగిల్చింది? వారం రోజులు అన్నం సయించలేదు. ఆ మంచితనాన్ని దాని చేతిలోంచి లాగేసుకోవాలి. అందుకు నా దగ్గర ఒకటే దారి ఉంది.

రెండోసారి పిలిచినప్పుడు నిలబడి చెప్పేశాను. ఆ లాటు నేను చూశానండి, సంచీ ముడి నాది, నేనే విప్పాను అన్నాను. ముడి ఎలా ఉంటుందో చూపించమన్నారు. ఆఫీసరు గారి ఫైలు తాడు తీసి కట్టి చూపించాను. మిగిలిన ఇద్దరు ఆడవాళ్ళను కూడా పిలిచి విడివిడిగా అడిగారు, ఇద్దరూ అది నా ముడే, అరలో ఆ సంచీకి చూసిందీ అదే అన్నారు. మేనేజరు కన్నార్పకుండా నన్నే చూశాడు. తర్వాత కేసు ఆ పిల్ల గెలిచింది, అంతకుముందే నా ఉద్యోగం పోయింది. ఇప్పుడు నా ఫిర్యాదు కాగితం అదే ఆఫీసులో ఉంది. నేను చెప్పదలచుకున్నది మాత్రం అది కాదు, ఆ రోజు వరండాలో జరిగింది.

నేను బయటికి రాగానే ఆ పిల్ల ఎదురొచ్చింది. కృతజ్ఞతలు చెబుతుందేమో, అక్కర్లేదు పొమ్మందామని సిద్ధంగా ఉన్నాను.

"నిజంగా అది నీ లాటా అక్కా?"

"తెలియనట్టు అడుగుతావేంటే? అప్పుడు నువ్వు లోపలున్నావు కదా."

"నాకేం గుర్తుందక్కా? ఆ రోజు ఏడుపు దిగమింగుకుంటా సాయంత్రం దాకా ఏ బస్తాలో చెయ్యి పెట్టానో నాకే తెలీదు. నేనే తప్పు చేశాననుకున్నా. ఇంతకాలం అదే అనుకుంటున్నా." గొంతు పెరిగింది. "నీకు తెలుసుగా! ఎందుకు చెప్పలేదు?"

అబద్ధం ఆడే ఓపిక లేదు. "నువ్వంటే కుళ్ళు నాకు," అన్నాను.

ఆ పిల్ల తెల్లబోయింది. "నేనంటేనా? నా దగ్గరేముందని?"

"నీ చెయ్యి," అన్నాను.

ఆ పిల్ల మెట్ల మీద కూర్చుంది. తర్వాత నా వైపు చూడకుండా చెప్పింది. "మొన్న పంటకి పొదిలి వ్యాపారి ఒకాయన ఇంటికొచ్చి అడిగాడక్కా. కొనుగోలుకు రమ్మని, కల్లాల మీదికే. నా చెయ్యి పోయిందండీ, బూజు కాయ బాగుందని చెప్పినదాన్ని, నన్ను నమ్ముకోవద్దండీ అని పంపించేశా. ఆయన ఇంకొకళ్ళని పెట్టుకున్నాడు."

ఆ మాట వినగానే నాకు ముందు కలిగింది బాధ కాదు, సంతోషం. ఏడాది పాటు ఆ పిల్ల కూడా నాలాగే, బస్తాలో చెయ్యి పెట్టి అవునా కాదా అని నసిగేదానిలాగే బతికిందని సంతోషం. బాధ ఆ తర్వాత వచ్చింది. వచ్చాక ఇంతవరకూ పోలేదు. కానీ ముందు వచ్చింది సంతోషమే, ఆ వరస మార్చి రాయలేను.