చిలకమ్మ పెట్టెలో నా కార్డు

దయ్యం పట్టిందని పిల్లల్ని మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్తుంటే దారికి అడ్డంపడి ఆస్పత్రికి పంపించిన మనిషిని నేను. హుకుంపేట దగ్గర ఒక ఆశ్రమ పాఠశాలలో సైన్సు చెప్తాను. దయ్యాలూ గియ్యాలూ లేవని బోర్డు మీద రాసి మరీ చెప్పాను. ఇప్పటికీ అదే చెప్తున్నాను. కాకపోతే ఈమధ్య ఆ మాట దగ్గర గొంతు కాస్త తగ్గుతోంది.

మా ఆయనకి నేను రెండో భార్యని. మొదటి భార్య చిలకమ్మ జ్వరంతో చనిపోయిన నాలుగేళ్లకి నన్ను చేసుకున్నాడు. ఆవిడని నేను చూడలేదు. ఇంట్లో ఉన్న ఫొటో కూడా ఒక్కటే, ముక్కుకి మూడు పోగులతో ఆధార్ కార్డు మీదది. అయినా ఆవిడంటే నాకు అసూయ. దాచడం ఎందుకు, ఒళ్లు మండిపోయేంత అసూయ.

అంతా ఒక రేకుపెట్టె వల్ల. మా ఆయన మిలిటరీలో ఉన్నప్పుడు ఎక్కడికి బదిలీ అయితే అక్కడినుంచి ఆవిడకి బొమ్మ కార్డులు పంపేవాడు. మంచుకొండలు, ఒంటెలు, తాజ్‌మహల్, రంగు పడవలు. మొత్తం పద్నాలుగు. ఆవిడకి చదువు రాదు. అందుకని వెనకాల చిరునామా తప్ప ఒక్క అక్షరం రాసేవాడు కాదు.

మా ఏజెన్సీలో కొత్త పంట ఏదైనా సరే, చనిపోయిన పెద్దలకి పెట్టకుండా మేం నోట పెట్టుకోం. ఆ పండగనే కొత్త అంటాం. చిలకమ్మ కార్డులకీ అదే పద్ధతి పాటించేదట. కార్డు రాగానే పెద్దలకి పెట్టే మూలన ఉంచి, పసుపు బొట్టు పెట్టి, ఆ తర్వాతే బొమ్మ చూసేదట. పద్నాలుగింటికీ మూలన ఆ బొట్టు ఉంది. మా ఆయన వాటిని దారంతో కట్టి, పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. ఏటీఎం పిన్ను కూడా నాకు చెప్పిన మనిషి, ఆ తాళంచెవి మాత్రం ఎప్పుడూ నా చేతికివ్వలేదు.

నాకొచ్చేవి వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మలు.

కిందటేడు కాఫీ రైతుల శిక్షణ అని పది రోజులకి విశాఖపట్నం బయల్దేరాడు. నాకూ ఒక బొమ్మ కార్డు పంపమన్నాను. "ఫోనుండగా కార్డేటే?" అని నవ్వాడు. ఆవిడకి పద్నాలుగు పంపావు, నాకు ఒక్కటైనా వద్దా అన్నాను. నవ్వు ఆగిపోయింది. పంపుతానన్నాడు.

ఆయన అక్కడ ఉండగానే కొర్రకొత్త వచ్చింది. చనిపోయినవాళ్లని పేరు పేరునా పిలిచి, మనిషికో అడ్డాకు వేసి కొత్త కొర్రల అన్నం పెట్టాలి. ఇంట్లో మగమనిషి లేక ఆ పని నామీద పడింది. మా ఇంట్లో పోయినవాళ్లు ఐదుగురు. నేను నాలుగు ఆకులే వేశాను. చిలకమ్మ పేరు మర్చిపోలేదు. కావాలనే పిలవలేదు.

మర్నాడు ఫోన్ చేసి, కార్డు ముందురోజే పోస్టులో వేశానన్నాడు. అది రాలేదు. ఆయన వచ్చాడు గాని కార్డు రాలేదు. పదిహేను రోజులు చూసి, అసలు నువ్వు పంపనే లేదని ఆయన్ని దులిపేశాను. చివరికి పోస్టుమాన్‌ని ఆపి అడిగాను. శ్రీకాకుళం వైపు నుంచి కొత్తగా వచ్చినాయన, మా ఊళ్లో ఎవర్నీ సరిగ్గా ఎరగడు.

"నాను ఇచ్చీసినానండి మేడమ్, సేతికే ఇచ్చినాను. మీ అరుగు మీద ఒకావిడ కూకుంది. ముక్కుకి మూడు పోగులు, సేతుల నిండా పసుపు. ఇంటావిడకి కార్డొచ్చిందంటే, నానే అంది. బొమ్మ సూసి మురిసిపోయి లోనకెల్లిపోనాది."

ఏ రోజని అడిగితే కొత్త అయిన మూడోనాడు, మధ్యాహ్నం అన్నాడు. ఆ వేళకి నేను బడిలో ఉన్నాను. ఇంటికి తాళం వేసి ఉంది. మా ఊళ్లో మూడు పోగులు పెట్టుకునే ఆడవాళ్లు ఏడుగురు. ఏడుగురినీ అడిగాను. ఎవరూ మా అరుగు ఎక్కలేదన్నారు.

నాకు భయం వేయలేదు. "ఇంటావిడ నానే" అన్న ముక్క ఒంటికి కారం రాసినట్టుంది. ఆ సాయంత్రం తెగేసి చెప్పాను. ఆ కార్డులు పొయ్యిలో పెడతావా, నన్ను కొయ్యూరు బస్సెక్కిస్తావా అని. కొయ్యూరు మా పుట్టిల్లు.

"సచ్చిపోయిన మనిషి, నిన్నేటి సేసింది?" అన్నాడు.

చచ్చిపోయి కూడా ఇంట్లోనే ఉంది కదా అన్నాను.

మొలతాడు నుంచి తాళంచెవి విప్పి పెట్టె తెరిచాడు. దారం ముడి ఎప్పుడో వేసినట్టు బిగుసుకుపోయి ఉంది. దాని కింద, అన్నిటికన్నా పైన, సముద్రం బొమ్మ ఉన్న కార్డు. విశాఖ పోస్టు ముద్ర. నా పేరు.

"నాను పెట్టలేదు రత్నం" అన్నాడు.

తిరిగొచ్చాక ఆయనే పెట్టి ఉంటాడని మీరంటారు. నేనూ అదే అన్నాను. మరి ఆ కార్డు ఆయన చేతికెలా వచ్చింది? ఎవరిచ్చారు? పోస్టుమాన్ ఇచ్చిన రోజు ఆయనా, తాళంచెవీ విశాఖపట్నంలో ఉన్నారు.

ఆయన బయటికి వెళ్లి కూర్చున్నాడు. నేను దారం కిందినుంచి కార్డు లాగి వెనక్కి తిప్పాను. మూలన పసుపు బొట్టు ఉంది. అదొక్కటే కాదు. ఆయన రాసిన ఎనిమిది వరుసల కిందా ఈ చివరనుంచి ఆ చివరకి పసుపు వేలిముద్రలు. ఒకటో తరగతి పిల్లలు అక్షరాల కింద వేలు పెట్టి నడిపిస్తారే, అలా. పద్నాలుగు కార్డుల్లో ఒక్క అక్షరం అందని మనిషి, అక్షరాలున్న కార్డు దొరికేసరికి ఏం చేస్తుందో అదే చేసినట్టుంది.

కార్డులు పొయ్యిలో పెట్టలేదు. కొయ్యూరూ వెళ్లలేదు. ఎందుకో తెలియదు, ఆ ఖాళీ గదిలో నిలబడి కార్డు పైకి చదివాను. సముద్రం గురించి, హాస్టల్ భోజనం గురించి, నేను వేళకి తినమని, మిరియాల తీగలు చూసుకోమని. ఏడు వరుసలు చదివి ఆగిపోయాను.

ఎనిమిదో వరుసలో ఇలా ఉంది: చిలకమ్మకి కూడా ఇలా రాయాలని ఎంతో ఉండేది.

అరుగు మీద కూర్చున్నది ఎవరో, తాళం వేసిన ఇంట్లోకి, తాళం వేసిన పెట్టెలోకి ఆ కార్డు ఎలా వెళ్లిందో నాకు ఈరోజుకీ తెలియదు. ఆ ఒక్క వరుస వినాలనే తీసుకెళ్లిందేమో అని అనిపిస్తూనే ఉంటుంది. అయినా నేను దాన్ని పైకి చదవలేదు. చదవను.