మామ ఇంజిన్‌కు సన్నటి గొంతు

మా మామ కాలేజీ రోజుల్లో బెంగళూరులో కొన్న బొమ్మ విమానం ఇంజిన్ ఎమ్మిగనూరు ఇంట్లో, మగ్గం గది అటక మీద, నూనెగుడ్డలో చుట్టి ఉండేది. దానికోసం హైదరాబాద్‌లో విమానం నేనే చేశాను. మందపాటి రెక్కలు, నెమ్మదిగా ఎగురుతూ గాల్లో పల్టీ కొట్టే రకం. రెండు తీగలు చేత్తో పట్టుకుంటే మన చుట్టూ తిరుగుతుంది.

తీరా ఎమ్మిగనూరు తెచ్చి, ఇంజిన్ బిగించి ఎగరేస్తే, ముక్కు పైకెత్తగానే ఇంజిన్ ఆగిపోయింది. మళ్ళీ ఎగరేసినా అంతే. ఇంజిన్‌కు వయసైపోయిందని మామ తేల్చేశాడు. ఆదివారం ఆదోని నుంచి మామ స్నేహితుడు వచ్చి దాన్ని తీసుకుపోయి, తన షాపులో అద్దాల పెట్టెలో పెట్టుకుంటాడట. మామ మాట కూడా ఇచ్చేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అన్నం మానేసి ఫోన్లో పాత ఇంజిన్ల గురించి దొరికిందల్లా చదివాను. గాలి పీల్చే గొట్టంలోకి, అంటే వెంచురీలోకి, టార్చి వేసి చూస్తే లోపలంతా గీతలు. వేగం పందేల కోసం ఆకురాయితో తానే వెడల్పు చేశానని మామ గొప్పగా చెప్పాడు.

"నోరు పెద్దదుంటేనే గాలి బాగా మింగుతాది పాపా."

"దీనికి పంపు లేదు మామా. గొంతు సన్నగా ఉంటే గాలి జోరుగా పోతుంది, ఆ జోరే ఇంధనాన్ని లాగుతుంది. నీ పందెం విమానం అడ్డంగా తిరిగేది, సరిపోయింది. నాది నిట్టనిలువుగా ఎక్కాలి."

"ఫోన్ సెప్పిందా?"

"నేను చెప్తున్నా," అన్నాను, కాస్త గట్టిగానే.

పాత రేడియో ఏరియల్ విప్పితే ఒకదాంట్లో ఒకటి దూరే గొట్టాలు. అన్నిటికన్నా సన్నటి ముక్క వెంచురీలో పెడితే ఇంజిన్ ఆగలేదు కానీ, గాలి చాలక బలం తగ్గి, విమానం నేల వదలలేదు. దానికి పైసైజు ముక్క పెడదామన్నాను. గొణుగుతూనే మామ దానికి ఇంధనం వచ్చే రంధ్రాలు వేసి, గాలి పక్కనుంచి పోకుండా పట్టుపోగు చుట్టి బిగించాడు.

ఆదివారం అమ్ముడుపోని ప్లాట్ల మధ్య ఎగరేశాను. స్నేహితుడు అప్పటికే పెట్టెతో దిగాడు. ముక్కు ఎత్తాను. ఇంజిన్ ఆగలేదు, చప్పుడు ఇంకా బిగిసింది. ఇంధనంలో కలిపిన ఆముదం పొగ గాల్లో పెద్ద సున్నా చుట్టింది. ఇంకోటి చుట్టాను. తల్లకిందులుగా కూడా తిప్పాను. ఇంధనం అయిపోయాకే దిగింది.

"ముసలిదంటివి గదప్పా?" అన్నాడు స్నేహితుడు.

మామ ఇంజిన్ మీద చెయ్యేసి, చుర్రుమని కాలడంతో తీసేశాడు.

"దీన్ని ఇయ్యనప్పా. ఆ పెట్టెలో నన్ను పెట్టుకో పో."

ఆ మాట, నువ్వు చెప్పిందే నిజమని నాతో అన్నట్టే విన్నాను. మామ అప్పటికే ట్యాంకు నింపుతున్నాడు.