కొత్తల్లుడి అలక, అమ్మ ఉట్టి

మొన్న మా అబ్బాయి ఇంట్లో నాలుగేళ్ళ మనవడు కంచం ముందు కూర్చుని అలిగాడు. కారణం పెద్దదేమీ కాదు, పప్పులో పాలకూర కనిపించిందట. ఇక చూడండి నా సామిరంగా, కోడలు గిన్నె పట్టుకుని వాడి వెనక, మా అబ్బాయి ఫోను పట్టుకుని కోడలి వెనక, హాల్లోంచి బాల్కనీకీ బాల్కనీలోంచి హాల్లోకీ ఒకటే ఊరేగింపు. చివరికి పాలకూర పప్పు ఓడిపోయి, ప్యాకెట్టులోంచి నూడుల్సు వచ్చాయి. నేను నోరు మూసుకు కూర్చున్నాను. అది నాకెంత కష్టమో నన్నెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. అలా కూర్చునే సరికి మా అమ్మ ఉట్టి గుర్తొచ్చింది.

సాగరు కాలవ నీళ్ళు మా పొలాలకింకా రాని రోజులవి. నరసరావుపేటకు పడమటగా మా ఊరు. పత్తీ మిరపా జొన్నా తప్ప వరి మొహం ఎరగని నల్లరేగడి. వరన్నం పండక్కీ, చుట్టానికీ, జ్వరం తగ్గి పథ్యం తినేవాడికీ మాత్రమే. మిగతా రోజులు పొద్దున చద్దిలో గడ్డపెరుగూ ఉల్లిపాయా, మధ్యాహ్నం జొన్నన్నంలో గోంగూరా, రాత్రికి సజ్జరొట్టెతో మునగాకు వేపుడూ. ఇప్పుడవే జొన్నలు మిల్లెట్లని పేరు మార్చుకుని అట్టపెట్టెల్లో కూర్చుంటే, డాక్టరు చెప్పాడని మా అబ్బాయి భక్తిగా కొనుక్కొస్తున్నాడు, అది వేరే సంగతి.

అమ్మ పెట్టింది తినాలి, బజారు తిండి గడప తొక్కకూడదు. మా ఈడు పిల్లలు చేలో పరిగె ఏరిన మిరపకాయలు దోసిట్లో పోసుకుపోయి కొట్టువాడికిచ్చి జీళ్ళు చప్పరిస్తుంటే, నేనూ తమ్ముడూ నువ్వులుండ కొరుక్కుంటూ వాళ్ళ నోళ్ళకేసి చూసేవాళ్ళం. సైకిలుకు పెట్టె కట్టుకుని ఎర్రటి పుల్లైసు అమ్మేవాడు మా వీధిలో బూర ఊదాడంటే ప్రాణం లేచొచ్చేది. కానీ అడగడం వరకే మన హక్కు. ఇవ్వలేదని అలిగి కంచం ముందునుంచి లేచామా, అమ్మ తిట్టదు, కొట్టదు, బతిమాలదు, ఇంకెవరినీ బతిమాలనివ్వదు. ఆ అన్నం గిన్నెలో సర్ది, మూతపెట్టి, పీటెక్కి, వంటింటి దూలానికి వేలాడే ఉట్టిలో పెట్టేసేది. “ఆకలైతే వాళ్ళే వస్తారు” అనే ఒక్కమాటతో సరి. ఎంతసేపటికి వెళ్ళినా, మూతి ఎంత ముడుచుకుని వెళ్ళినా, మళ్ళీ పీటెక్కి అదే గిన్నె దించి పెట్టేది. కిందనుంచి చూస్తే ఉట్టిలో ఇంకో గిన్నె అడుగు కూడా కనపడేది. అది పెరుగుదని మా నమ్మకం.

ఆ ఏడు ఉగాదికి అక్కా బావా వచ్చారు. పెళ్ళయ్యాక కొత్తల్లుడి మొదటి పండగ. బావది తెనాలి వైపు, మూడు పూటలా వరన్నం తిన్న ఒళ్ళు, ఆరడుగుల మనిషి, పాపం ఉత్త మెతక. కొత్తల్లుడు పండగనాడు భోజనానికి లేవకుండా అలగాలి, అత్తింటివాళ్ళు చుట్టూ చేరి బతిమాలాలి, ఏదో ఒక వస్తువు చేతిలో పెట్టాలి, అప్పుడాయన చిరునవ్వు నవ్వి పీట మీద కూర్చోవాలి. మీ అందరి ఇళ్ళల్లోనూ జరిగిన ముచ్చటే. నాన్న ముందుచూపున్న మనిషి. గుంటూరు నుంచి చేతిగడియారం తెచ్చి పెట్టెలో దాచి, అల్లుడు ఎప్పుడలుగుతాడా అని పొద్దుటినుంచీ కాచుకుని ఉన్నాడు.

అనుకున్నట్టే, విస్తళ్ళు వేసే వేళకి బావ వసారాలో నులకమంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. దుప్పటి కూడా కప్పుకున్నాడు, ఆ ఎండలో! నాన్న సంబరంగా పెట్టె మూత తీశాడు. అమ్మ వచ్చి ఆ మూత మళ్ళీ వేసేసింది.

“ఇప్పుడు కాదు. అలిగితే వస్తువొస్తుందని వీళ్ళిద్దరూ గుడ్లప్పగించి చూస్తున్నారు” అంది, నన్నూ తమ్ముణ్ణీ చూపించి.

నాయనమ్మ గుండెలు బాదుకుంది. “ఓసి నీ పంతం తగలెయ్య, వాడు కొత్తల్లుడే! సాయంత్రం బస్సుకి ఒక్కడే పోతే పిల్ల గతేం కాను?” అంది. అంతే, అక్క వంటింటి గోడకు చేరగిలబడి ఏడుపు లంకించుకుంది. అమ్మ మొహం పాలిపోవడం నేను చూశాను. అయినా మాట మార్చలేదు, బావ విస్తట్లో పెట్టాల్సిన అన్నం గిన్నెలో సర్ది ఉట్టికెక్కించింది. బతిమాలడానికి పోతున్న నాన్నను కళ్ళతోనే కూర్చోబెట్టింది. నాన్న ఆ కళ్ళకు జంకే మనిషి.

నిజం చెప్పొద్దూ, నేను బావ పక్షం. బావ గెలిచాడంటే ఉట్టి చట్టం ఆ పూటతో చచ్చినట్టే, రేపటినుంచి పుల్లైసు నాదే. కానీ అక్క వెక్కిళ్ళు వినలేక చెవులు మూసుకునేదాన్ని. పుల్లైసు రావాలీ, అక్క ఏడుపు పోవాలీ, రెండూ ఒక్కసారే కావాలని సర్వ దేవుళ్ళకూ మొక్కాను. ఏ దేవుడికీ నా లెక్క అర్థమైనట్టు లేదు.

పాపం బావ అలకకు సరైన చోటు దొరకలేదు. వసారా ముందంతా కళ్ళంలోంచి తెచ్చి ఆరబోసిన మిరపకాయలు. గాలి విసిరినప్పుడల్లా ఘాటు దుప్పట్లో దూరేది, దుప్పటి తుమ్మేది. మాకు అలవాటైన ఘాటే, ఆయనకి కొత్త. గంభీరంగా అలిగిన మనిషి అలా వరసగా తుమ్ముతుంటే చూసేవాళ్ళకు జాలేస్తుందా? వీధినపోయే ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ పోయారు. దానికితోడు అమ్మ పొయ్యి మీద జొన్నరొట్టెలు కాల్చి, రోట్లో గోంగూర నూరి, ఎండుమిరపకాయల తిరగమోత పెట్టింది. ఆ పూట రొట్టెల అవసరం ఎవరికుందో నాకిప్పటికీ తెలియదు.

పొద్దు వాలుతుంటే తమ్ముడు మంచం దగ్గరికి వెళ్ళాడు. నేను స్తంభం వెనక నక్కి విన్నాను.

దుప్పట్లోంచి బావ గుసగుసగా, “ఒరేయ్, మీ అమ్మ ఏమంటోందిరా?” అన్నాడు.

“ఆకలైతే నువ్వే వస్తావంది బావా. నన్నూ అట్టాగే అంటది” అన్నాడు వాడు. ఆ తరవాత అనుభవమున్న పెద్దమనిషిలా గొంతు తగ్గించి, “పొద్దుగూకక ముందే వచ్చెయ్, ఎటూ తప్పదు” అన్నాడు.

కాసేపటికి దుప్పటి కదిలింది. బావ కాళ్ళు కడుక్కునే వంకతో పెరటివైపునుంచి చుట్టూ తిరిగి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆ రోజుల్లో అత్తగారు అల్లుడి ఎదుటపడి మాట్లాడేది కాదు, తలుపు చాటే. అమ్మ గభాలున లేచి తలుపు చాటుకు వెళ్ళింది.

“అత్తయ్యగారూ, ఆకలేస్తోందండీ” అన్నాడు బావ.

తలుపు వెనకనుంచి “కూర్చో నాయనా” అని బొంగురుగా వినిపించింది. అమ్మ గొంతు అలా ఉండటం నేనెప్పుడూ వినలేదు. అమ్మ తడబడుతూ పీట లాక్కుంటుంటే, బావ “మీరుండండి” అని, నిలబడినచోటునుంచే చెయ్యి చాచి ఉట్టిలోంచి గిన్నెలు దించేశాడు. రెండూ. పై గిన్నెలో ఆయన అన్నం. కింది గిన్నె మూత తీస్తే పెరుగు లేదు. అందులోనూ అన్నమే, పప్పు కూడా కలపనిది.

“ఇది ఎవరిదండీ?” అన్నాడు.

అక్క కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది: “అమ్మది. మాలో ఎవరు అలిగినా ఆ పూట అమ్మ అన్నం కూడా ఉట్టెక్కాల్సిందే.”

నేనూ తమ్ముడూ మొహమొహాలు చూసుకున్నాం. బావ రెండు విస్తళ్ళు తనే వేసి, అమ్మ కూర్చుంటే తప్ప ముద్ద ముట్టనని మళ్ళీ అలిగాడు. ఆ అలక మాత్రం నెగ్గింది. అమ్మ కొంగు కప్పుకుని అటు తిరిగి కూర్చుని, ఆ అన్నం తిని, గోంగూరతో జొన్నరొట్టె కూడా తింది. బావ ఎన్ని రొట్టెలు తిన్నాడో లెక్కలేదు, మధ్యలో రెండు తుమ్ములు కూడా తుమ్మాడు. చెయ్యి కడుక్కోగానే అమ్మ తలుపు చాటునుంచి నాన్నను కేకేసి, “ఏవండీ, ఇప్పుడివ్వండి గడియారం. అలక మానేశాడుగా!” అంది. బస్సు తప్పిపోయింది, అక్క నవ్వింది, నా పుల్లైసు కరిగిపోయింది.

తరవాత కాలవ వచ్చింది, వరన్నం రోజూ తినేదయింది, ఉట్టి ఎక్కడ పోయిందో ఎవరికీ గుర్తులేదు. మొన్న నూడుల్సు ఊరేగింపు చూశాక నాకూ పంతం పుట్టింది. మర్నాడు మనవడు మళ్ళీ అలిగితే, ఎవరూ బతిమాలడానికి వీల్లేదని చెప్పి వాడి కంచం మీద మూతపెట్టి అలమరలో పెట్టాను. పక్కనే నా కంచం కూడా పెట్టాను. కోడలు గడియారం చూసి, “అత్తయ్యా, మీకు షుగరు మాత్రల టైమైంది, తినకపోతే కళ్ళు తిరిగి పడతారు” అని నా కంచం దించి చేతిలో పెట్టింది. మంచి పిల్ల, తప్పేమీ లేదు. నా ఒంటికి పస్తుండే ఓపిక ఎక్కడిది? అబ్బాయీ కోడలూ ఆఫీసు ఫోన్లు మాట్లాడుకుంటూ ముందే తినేశారు. నేనూ తిన్నాను, మాత్ర వేసుకున్నాను. అలమరలో వాడి కంచం ఒక్కటే మిగిలింది. అది చూసి మనసొప్పక, నేనే వెళ్ళి వాణ్ణి బతిమాలాను.